వెనక ఎడమ స్పీకరు

ఎల్ ప్రాదో పేటలో దోన్ అమీన్ గారి ఇంటి వెనక గదిలో గట్టిగా మాట్లాడకూడదని బరాంకియా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మాట్లాడితే "ష్ష్..." అని వినిపిస్తుంది. ఎవరన్నారా అని వెనక్కి తిరిగితే — ఎవరూ ఉండరు.

దోన్ అమీన్ మేనత్త సలువా ఆ గదిలోనే మంచం పట్టి, ఏళ్ల తరబడి తీసుకుని తీసుకుని పోయింది. చప్పుడంటే ఆవిడకు ఒళ్లు మంట. చెంచా కింద పడితే ష్ష్. పక్కగదిలో ఎవరైనా తుమ్మితే ష్ష్. చివరికి కార్నివాల్ పండగ రోజుల్లో, వీధి మలుపులో పికో హోరెత్తుతుంటే — తలుపులంత స్పీకర్లు పేర్చి, పేటకు పేటనే అదరగొట్టే పాటల యంత్రాన్ని మేం పికో అంటాం — పెదాల మీద వేలు పెట్టుకునే ప్రాణం విడిచిందట. ఆ వేలు తీసి చెయ్యి గుండె మీద పెట్టడానికి ఇద్దరు మనుషులు పట్టారట. అంత అబద్ధం నేను నమ్మను. ఊరు నమ్మింది.

అలాంటి గదిని దోన్ అమీన్ హోమ్ థియేటర్ చేశాడు. డబ్బున్నవాడికి దెయ్యం ఒక లెక్కా! వీధి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు వీధికి పోకుండా ఇటుక గోడకు ముందు ఇంకో గోడ కట్టించాడు. మందపాటి చెక్క, దాని వెనక దూది లాంటి రాతినార, మళ్లీ చెక్క, పైన ముదురు ఎరుపు బట్ట. రెండు గోడలకూ మధ్య మనిషి పక్కకు తిరిగి జరగగలిగినంత సందు. తీగలన్నీ ఆ సందులోంచే పోతాయి. సందులోకి దూరడానికి వెనక మూల ఒక చిన్న పలక తలుపు. ఆ పలకకు బయటి వైపు బలమైన గొళ్లెం. అది దెయ్యం కోసం కాదు, ఎలుకల కోసం.

గది పూర్తయింది. స్పీకర్లు గోడల్లో కూర్చున్నాయి. కానీ వాటి చప్పుడు సమానం చేసేవాడు మాత్రం నిలవలేదు. మొదట వచ్చినవాడు సగంలో సామాను సర్దుకున్నాడు. రెండోవాడు జ్వరం తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకటే మాట — "ఆవిడ ష్ష్ అంటోంది."

ఆ తర్వాత ఏం జరిగిందో ఆ ఇంట్లో ముసలిదయ్యేదాకా వంట చేసిన ఎతిల్వియా చెప్పగా విన్నదే నేను చెబుతున్నాను. చెప్పే ముందు ఆవిడ లేచి వెళ్లి, వీధి కిటికీలన్నీ మూసి వచ్చింది.

ఇక దాగోబెర్తో సంగతి.

దాగోబెర్తో స్పీకర్లు సర్దే పనివాడు. పనివాడే, కానీ ఊళ్లో అతనికి ఉన్న పేరు వేరు — చెవిటి దాగో. ఆ పేరు పెట్టినవాడు ఉబాల్దో. ఒకప్పుడు ఇద్దరూ కలిసి పని చేసేవాళ్లు, ఒకే కంచంలో తినేవాళ్లు. ఒకరోజు ఎవరో గొప్పవాళ్ల ఇంట్లో, నిండా చుట్టాలున్న హాల్లో, చప్పుడు కొలిచే మీటరు పెట్టి దాగోబెర్తో సర్దిన స్పీకర్లు విని ఉబాల్దో పకపకా నవ్వాడు. "నీ మీటరుకు చెవుడు లేదు తమ్ముడూ, నీకే ఉంది!" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. ఉబాల్దో ఆ మాట మరునాటికి మర్చిపోయాడు. ఊరు మర్చిపోలేదు.

పెద్ద ఇళ్లవాళ్లు ఆ తర్వాత ఉబాల్దోనే పిలిచేవారు. అతనికి ఒక అలవాటుండేది. కొత్త స్పీకరు ముందు నిలబడగానే వేలికొసతో దాని మీద కొట్టి చూసేవాడు. టక్... టక్... టకటకటక్. రెండు నెమ్మదిగా, మూడు గబగబా. వంటింట్లో ఉన్నవాళ్లు కూడా ఆ చప్పుడు విని, "ఉబాల్దో వచ్చాడు, కాఫీ పెట్టు" అనేవారు. ఆ చప్పుడు వినపడితే దాగోబెర్తో ఆ వీధి వదిలి ఇంకో వీధిన పోయేవాడు.

అందుకే ఆ సోమవారం దోన్ అమీన్ ఫోన్ చేసినప్పుడు దాగోబెర్తోకు పండగలో పండగైంది.

"ఉబాల్దో శనివారం వచ్చి, పని మధ్యలో పారిపోయాడు," అన్నాడు దోన్ అమీన్. "బుధవారం రాత్రికి నా కూతురి అత్తవారు వస్తున్నారు. వాళ్ల ముందు నా గది పలకాలి. నువ్వు చేయగలవా, లేక నువ్వు నిజంగా చెవిటి దాగోవేనా?"

"చేస్తానయ్యగారూ," అన్నాడు దాగోబెర్తో పళ్లు బిగించి. ఈ ఒక్క గది సర్దితే ఆ పేరు చచ్చిపోతుంది. సర్దలేకపోతే ఆ పేరే తన సమాధి మీద చెక్కుతారు. ఆ పేరు చావడం కన్నా అతనికి కావలసింది ఏమీ లేదు.

దోన్ అమీన్ ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఎతిల్వియా తలుపు తీసింది.

"ఏమైంది పిన్నీ మా మహానుభావుడికి?"

"మెల్లగా మాట్లాడు నాయనా," అందామె. "శనివారం వచ్చాడు. పూల బళ్ల ఊరేగింపు చూడ్డానికి పోవాలి, తొందరగా కానిమ్మన్నాను. కాసేపయ్యాక వెళ్లి చూస్తే గదిలో లేడు. బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆ యంత్రం కుర్చీ ముందు అలాగే నిలబడి ఉంది. మూలన పలక మాత్రం... బార్లా తెరిచి ఉంది."

"ఊఁ?"

"ఆవిడ వచ్చేది అక్కడినుంచే! నా పై ప్రాణం పైనే పోయింది. దభీమని మూసి, గొళ్లెం పెట్టి, దీవించిన ఈతాకు సిలువ తగిలించి, వెనక్కి చూడకుండా వచ్చేశాను."

"ఒకసారి పిలిచి చూడలేదా?"

"ఆ గదిలోనా! గట్టిగా పిలవమంటావా?"

దాగోబెర్తో గుమ్మం వైపు చూశాడు. తివాచీ మాయకుండా ఈ పనివాళ్లు బూట్లు విప్పే లోపలికి పోతారు. ఉబాల్దో బూట్లు అక్కడే, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉన్నాయి. చూడగానే దాగోబెర్తోకు నవ్వు ఆగలేదు.

"కాళ్లకు బుద్ధి చెప్పాడన్నమాట. అదీ వట్టి కాళ్లకు!"

మరి ఇంటికైనా చేరాడా అని మీరు అడగవచ్చు. కార్నివాల్ నాలుగు రోజులూ ఇంటికి రాని మగవాణ్ణి మా ఊళ్లో ఎవరూ వెతకరు. వెతికితే పెళ్లానికే నామోషీ. ఫోను కూడా దొంగల భయానికి ఇంట్లోనే పడేసి పోతారు. బుధవారం, చర్చిలో నుదుట బూడిద పెట్టించుకునే వేళకు అందరూ కుక్కిన పేనుల్లా ఇల్లు చేరతారు. అప్పటిదాకా ఎవడు ఏ వీధిలో పడి ఉన్నాడో ఆ దేవుడికే ఎరుక.

దాగోబెర్తో గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

లోపల ఉక్కగా ఉంది. పెద్ద తోలు కుర్చీ మధ్యలో ఉంది. దాని ముందు ఉబాల్దో వదిలేసిన మీటరు, మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి చెవులు ఎంత ఎత్తున ఉంటాయో సరిగ్గా అంత ఎత్తున పెట్టాడు దొంగవెధవ. దాగోబెర్తో దాన్ని ఒక్క అంగుళం కూడా మార్చలేకపోయాడు. అది ఇంకో మంట.

మీటరు ముల్లు వణుకుతోంది. గదిలో ఏ చప్పుడూ లేనప్పుడు ముల్లు పడుకుని ఉండాలి. ఇది పడుకోవడం లేదు. లేస్తోంది... పడుతోంది... లేస్తోంది.

'వీధిలో పికో,' అనుకున్నాడు. పికో మోగుతున్న మాట నిజమే. ఎంత మందపు గోడైనా బరువైన మోతను ఆపలేదు, సన్నని గొంతును మాత్రమే ఆపుతుంది. ఈ సంగతి అతని వృత్తిలో వాళ్లందరికీ తెలుసు.

పరీక్ష చప్పుడు పెట్టాడు. పాట కాదది, మాట కాదు — రేకు మీద దూరంగా వాన పడుతున్నట్టు ఒకే తీరున వచ్చే చప్పుడు. ఒక్కో స్పీకరులోంచి వంతులవారీగా వస్తుంది. ప్రతిదీ కుర్చీ దగ్గరకు ఒకే బలంతో చేరాలి. దగ్గరున్న స్పీకరు అరుస్తుంది, దాన్ని తగ్గించాలి. దూరంగా ఉన్నది గొణుగుతుంది, దాన్ని పెంచాలి. అన్నిటికీ ముల్లు డెబ్బై అయిదు దగ్గర నిలిస్తే పని అయినట్టే.

ముందు ఎడమ — ష్ష్ష్ష్ష్ష్... పెంచాడు. ముల్లు నిలిచింది.

మధ్యది — ష్ష్ష్ష్ష్ష్... తగ్గించాడు. నిలిచింది.

ముందు కుడి. వెనక కుడి. ఏ తిరకాసూ లేదు. దాగోబెర్తోకు చెమటలోనూ హుషారు వచ్చింది. దెయ్యమట, దెయ్యం! ఒకే తీరున వచ్చే ఈ చప్పుడు విని, సలువమ్మ ష్ష్ అంటోందని పారిపోయారు పిరికి సన్నాసులు. రేపు ఊరంతా చెప్పి నవ్విస్తాను...

చివరిది, వెనక ఎడమ.

ష్ష్ష్—

ఆగింది.

ముల్లు కింద పడింది.

ష్ష్. ... ష్ష్.

దాగోబెర్తో రిమోటు వైపు చూశాడు. తను ఏ మీటా నొక్కలేదు. యంత్రం మీద అంకె కదల్లేదు. ఆ చప్పుడు మిగతావాటిలాగా పారడం లేదు. తెగి తెగి వస్తోంది. ఎవరో పెదాల మీద వేలు పెట్టుకుని... కోపంగా... ఒక్కొక్కటే అంటున్నట్టు.

ష్ష్... ష్ష్... ష్ష్ష్ష్ష్ష్.

"ఎవరది?" అన్నాడు.

ఆ మాటకు జవాబన్నట్టు చప్పుడు ఒక్కసారి రేగిపోయింది. ష్ష్ష్ష్ష్ష్ష్ష్ — గబగబా, ఊపిరి ఆడనట్టు. తర్వాత ఆగింది. తర్వాత నెమ్మదిగా, చాలా జాగ్రత్తగా —

ష్ష్... ష్ష్... ష్ష్ష్ష్ష్ష్.

రెండు నెమ్మదిగా. మూడు గబగబా.

దాగోబెర్తో లేచి నిలబడ్డాడు. ఆ తాళం అతనికి తెలుసు. ఏళ్ల తరబడి కడుపులో కారం పోసిన తాళం అది.

మూల వరకూ నడిచాడు. పలక మీద చెయ్యి పెట్టాడు. గొళ్లెం వేళ్లకు తగిలింది. ఎతిల్వియా కట్టిన ఈతాకు సిలువ గరగరమంది.

అప్పుడు అతని వెనక గది తలుపు కొంచెం తెరుచుకుంది. కాఫీ కప్పుతో ఎతిల్వియా. ఆమె గడప దాటలేదు. ఆమె కూడా వింది.

"దగ్గరకు పోకు నాయనా!" అంది గుసగుసగా. "అదంతే. తెలిసినవాళ్లలా పిలుస్తుంది. ఆ గదిలో పని చేసిపోయిన వాళ్ల గొంతు తెచ్చుకుంటుంది. ఆ జ్వరం తెచ్చుకున్నవాడు చచ్చిపోయిన వాళ్లమ్మ గొంతు విన్నాడట. పలికావో, నిన్ను గోడలోకి లాగేస్తుంది..."

దాగోబెర్తో చెయ్యి తీసేశాడు.

నిజం చెప్పుకోవాలంటే, అతను ఆ మాట నమ్మింది భయం వల్ల ఒక్కటే కాదు. ఆ పలక తెరిస్తే లోపల ఊడిన తీగ వెతకాలి, దెయ్యం చేతిలోంచి లాక్కోవాలి, మళ్లీ బిగించాలి. తెరవకపోతే పని ఈ పూటే అయిపోతుంది. మనిషి తనకు అనుకూలమైన దెయ్యాన్ని ఎంత తొందరగా నమ్ముతాడో!

రిమోటు తీసుకున్నాడు. వెనక ఎడమ స్పీకరు అంకెను కిందికి నొక్కాడు. ఇంకా కిందికి. చప్పుడు సన్నబడింది... అయినా తెగుతూనే ఉంది, తాళం తప్పకుండా. రెండు, మూడు. రెండు, మూడు. దోమ గొంతంత అయింది.

సున్నా.

గది నిశ్శబ్దమైంది.

"చూశావా పిన్నీ," అన్నాడు దాగోబెర్తో చెమట తుడుచుకుంటూ. "నీ సలువమ్మ నోరు మూయించాను." పెద్ద తోలు కుర్చీని జరుపుకుంటూ పోయి, ఎందుకైనా మంచిదని పలకకు అడ్డంగా ఒకసారి నొక్కి చూసి, మళ్లీ మధ్యకు లాక్కొచ్చాడు. కుర్చీ మధ్యలో లేకపోతే దోన్ అమీన్ ఊరుకోడు. అందుకని ఒక బరువైన స్పీకరు పెట్టెను తెచ్చి పలకకు ఆనించాడు.

వెళ్లేటప్పుడు ఉబాల్దో బూట్లు చంకలో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మలుపులో ఉన్న కొట్టు ముందు నవ్వులే నవ్వులు. ఉబాల్దో ఎలా పారిపోయాడో దాగోబెర్తో వట్టికాళ్లతో గెంతి చూపించాడు. అమ్మో, బాబో అని అరిచి చూపించాడు. జనం బీరు సీసాలు పట్టుకుని కడుపు చేత్తో పట్టుకుని నవ్వారు. "చెవిటి దాగో" అని ఒక్కడు కూడా అనలేదు. వాళ్లంతా "మొనగాడు దాగో" అన్నారు. ఎన్నేళ్ల తర్వాతో అతను ఆ రాత్రి కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాడు.

మంగళవారం పండగ చచ్చిపోయే రోజు. మా ఊళ్లో పండగకు శవయాత్ర చేస్తారు. గడ్డితో మనిషిని చేసి, పాడె మీద పడుకోబెట్టి, ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని విధవల వేషం వేసి, నన్నొదిలి పోయావా సచ్చినోడా అని వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్విస్తారు. ఆ పేటలో విధవ వేషం ఎప్పుడూ యమిలెదే. ఆమెలా ఏడ్చేవాళ్లు ఇంకొకరు లేరు. యమిలె ఉబాల్దో పెళ్లాం.

"ఏవయ్యా దాగో," అంది నల్లముసుగు సర్దుకుంటూ. "మా ఆయన పరుగు నువ్వు చూపించావటగా ఊరందరికీ?"

"చూపించక! ఇంకా రాలేదా వదినా?"

"ఎక్కడ తాగి పడ్డాడో. రేపు రానీ, కాళ్లు పట్టుకున్నా తలుపు తీస్తే ఒట్టు." నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. "ఇదిగో, ఈ గడ్డి మొగుడికి బూట్లు లేవు. ఎవరివైనా దొరుకుతాయా?"

దాగోబెర్తో చంకలో ఉన్న బూట్లు తీసి ఇచ్చాడు. చూడగానే ఆమె పోల్చుకుంది. ఫక్కున నవ్వేసింది. "భలే! బతికున్న మొగుడి బూట్లు చచ్చిన మొగుడికి. బుద్ధి వస్తుంది వెధవకి."

గడ్డి శవానికి ఉబాల్దో బూట్లు తొడిగారు. డప్పులు మోగాయి. ఊరేగింపు సరిగ్గా దోన్ అమీన్ ఇంటి వెనక గొందిలోంచే పోయింది. ఇటుక గోడను రాసుకుంటూ పోయింది. యమిలె గుండెలు బాదుకుని, "నన్నొదిలి ఎక్కడ దాక్కున్నావురా! ఒక్కసారి పలకరా!" అని రాగం తీసి ఏడ్చింది. చూసేవాళ్లు ఈలలు వేశారు. డప్పు మోత గోడలకు ఆగదని చెప్పాను కదా. గొంతు ఆగిపోతుంది.

రాత్రి చౌరస్తాలో గడ్డి మొగుణ్ణి తగలబెట్టారు, బూట్లతో సహా.

ఆ సాయంత్రమే దోన్ అమీన్ క్లబ్బు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దాగోబెర్తో తెర మీద తుఫాను బొమ్మ వేశాడు. ఉరుము గుండెను తాకింది. దోన్ అమీన్ చప్పట్లు కొట్టాడు. నాలుగు స్పీకర్లు గట్టిగా మోగితే అయిదోది మూగదని ఏ ధనవంతుడు గుర్తుపడతాడు! "రేపు రాత్రి నువ్వూ ఉండు. మంచి చొక్కా వేసుకుని రా. నిన్ను అందరికీ చూపిస్తాను," అన్నాడు.

బుధవారం వియ్యాలవారు వచ్చారు. దాగోబెర్తో ఇస్త్రీ చొక్కాతో తలుపు దగ్గర నిలబడ్డాడు. నుదుటి మీద బూడిద సిలువ. తెర మీద ఒక విమానం చూసేవాళ్ల తల చుట్టూ తిరగాలి. కుడి నుంచి బయలుదేరింది. వెనక్కి పోయింది. వెనక ఎడమ మూలకు వచ్చేసరికి — మాయమైంది. మళ్లీ ముందు తేలింది.

వియ్యంకుడు నవ్వాడు. "మీ విమానం ఆ మూలన కూలిపోయినట్టుంది అమీన్ గారూ."

దోన్ అమీన్ మొహం కందగడ్డైంది. "భోజనాలకు లేద్దాం పదండి," అని అందరినీ అరుగు మీదికి పంపి, దాగోబెర్తో చెవి దగ్గరకు వచ్చాడు. "వాళ్లు తిని లేచేలోగా అది పలకాలి. లేకపోతే ఈ ఊళ్లో నిన్ను కుక్క కూడా పిలవదు, చెవిటి వెధవా."

మళ్లీ ఆ పేరే.

గదిలో దాగోబెర్తో ఒక్కడే మిగిలాడు. పరీక్ష చప్పుడు పెట్టాడు, వెనక ఎడమకు. అంకె పెంచాడు. ఏమీ లేదు. ఇంకా పెంచాడు. తాళం లేదు... గొంతు లేదు... ఏదీ లేదు. చివరిదాకా పెంచేశాడు.

నిశ్శబ్దం.

అతనికి ప్రాణం లేచి వచ్చింది. పండగ పోయింది, దెయ్యమూ పోయింది! ఇక తీగ ఊడిందంతే. గబగబా స్పీకరు పెట్టె పక్కకు లాగాడు. ఈతాకు సిలువ తీసి జేబులో పెట్టుకున్నాడు. గొళ్లెం లాగాడు.

వాసన ముందు వచ్చింది.

టార్చి వేశాడు. రెండు అరికాళ్లు కనిపించాయి. వట్టి అరికాళ్లు.

ఉబాల్దో రెండు గోడల మధ్య ఇరుక్కుని, స్పీకరు వెనకభాగానికి మొహం ఆనించి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. చెక్క మీద గోళ్ల గీతలు. స్పీకరు తీగను ఊడబీకి కుడిచేతి చూపుడువేలికి చుట్టుకున్నాడు. తీగ కొనలో రాగి, రుద్ది రుద్ది, తళతళ మెరుస్తోంది.

టార్చి చేతిలోంచి జారి పడక ముందే దాగోబెర్తోకు అర్థమైంది. అరిచినా గోడ బయటికి పోనివ్వదు. గోడలోంచి బయటికి పోయేది స్పీకరు చప్పుడు ఒక్కటే. స్పీకరు మోగేది ఎవరైనా వచ్చి మోగించినప్పుడే. అందుకే ఆ మనిషి చీకట్లో, దాహంతో, ఎవరో ఒకరు వచ్చి పరీక్ష చప్పుడు పెట్టేదాకా కాచుకుని ఉన్నాడు. వచ్చారు. పెట్టారు. తీగను తాకించి, తీసి, తాకించి, తీసి... తనెవరో చెప్పాడు. అంత బాగా ఇంకెవరు చెప్పగలరు!

విన్నవాడు సున్నా చేశాడు.

అప్పుడు దాగోబెర్తో చేసిన పని మనుషులు చేసేది కాదు. ఏడవలేదు. కేక పెట్టలేదు. ఆ తీగ చూస్తే ఎవరైనా అడుగుతారు — ఎప్పుడు, ఎవరితో మాట్లాడాడు అని. బిగిసిన వేలి నుంచి తీగను చుట్టు వెంట చుట్టు విప్పాడు. కొనను స్పీకరుకు తగిలించాడు.

చివరిదాకా పెంచిన సంగతి మర్చిపోయాడు.

ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్ష్!

చచ్చినవాడి మొహానికీ తన మొహానికీ మధ్య ఆ చప్పుడు పగిలింది. ఇల్లంతా అదిరింది. అరుగు మీద పళ్లేలు జారి పడ్డాయి. జనం పరుగెత్తుకొచ్చేసరికి దాగోబెర్తో రెండు చెవులూ మూసుకుని తివాచీ మీద పడి ఉన్నాడు.

యమిలెను పిలుచుకొచ్చారు. నుదుట బూడిద ఉంది. నిన్నటి నల్లబట్టలే ఒంటి మీద ఉన్నాయి, మార్చుకోవడానికి టైము లేకపోయింది. నిన్నంతా అంత ఏడ్చిన మనిషికి ఇప్పుడు కంట తడి రాలేదు. ఉబాల్దో పాదాల దగ్గర కూర్చుని వాటిని ముసుగు కొనతో తుడిచింది.

"ఎప్పుడు పోయాడు?" అంది. "బాధ పడ్డాడా?"

అందరూ దాగోబెర్తో వైపు చూశారు. ఆ గది సంగతి తెలిసినవాడు అతనే కదా.

"శనివారమే వదినా," అన్నాడు. "లోపలికి పోగానే ఉక్కకు గుండె ఆగిపోయి ఉంటుంది. ఒక్క క్షణం. ఏమీ తెలిసి ఉండదు."

యమిలె తల ఊపింది. ఆ మాట పట్టుకుని బతకవచ్చు అనిపించింది కాబోలు, అతని చెయ్యి కళ్లకద్దుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: "పాతిపెట్టేటప్పుడు వేయాలి... బూట్లేవి?" అడిగాకే గుర్తొచ్చింది ఆమెకు. నోట్లో ముసుగు కుక్కుకుంది.

జనం బయటికి నడిచారు. తలుపు పక్కన ఎతిల్వియా మిగిలింది.

"శనివారమేనా?" అంది. "మరి సోమవారం నేను కాఫీ తెచ్చినప్పుడు... మనమిద్దరం విన్నది..."

దాగోబెర్తో దగ్గరకు వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, కొడుకు వేసినట్టు.

"ఆ పలకకు గొళ్లెం పెట్టింది ఎవరు పిన్నీ?" అని గుసగుసగా అడిగాడు.

ఎతిల్వియా చూపు మూలనున్న గొళ్లెం మీద పడింది.

అతను చూపుడువేలు తన పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్ష్..."